తిట్లు తినే హాలు

సిడ్నీ,
9 మార్చి 1926

అక్కా,

కాన్ బావకి దగ్గు తగ్గిందా? తగ్గలేదనే రాస్తావు. మందు తాగడం లేదని కూడా రాస్తావు. ఆ మనిషికి చెప్పడం కన్నా మీ హాలు పైకప్పు రేకులకి చెప్పుకోవడం నయం. వాన పడితే అవైనా బదులిస్తాయి.

ఇక అసలు సంగతి. "నినెవే ద్వారాలు" ఓడ దిగింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇంతటి పిక్చరు నేను చూడలేదు. తెర మీద కోటగోడలు కూలుతుంటే నా పక్కన కూర్చున్న పత్రికాయన కాళ్ళు కుర్చీ మీదకి ఎత్తుకున్నాడు. అయితే మా కంపెనీ దాన్ని పిక్చరు హాల్లో వెయ్యలేదు. ఊళ్ళో అంతేసి హాళ్ళుండగా నాటకాలాడే థియేటరు అద్దెకి తీసుకుంది. ఎందుకంటావా? పిక్చరు హాలుకి జనం వేరుశనక్కాయలు నములుతూ వస్తారు. నాటకాల థియేటరుకి చేతి తొడుగులు వేసుకుని వస్తారు. తొడుగు వేసుకున్న చేతికి అయిదు షిల్లింగులు ఇవ్వడానికి బాధ ఉండదు. ప్రతి కుర్చీకీ నంబరు, రోజుకి రెండే ఆటలు, తెర ముందు ఒక పటాలమంత వాద్యబృందం. టిక్కెట్లు దొరక్క జనం వీధిలో కొట్టుకుంటున్నారు.

టిక్కెట్టు ధర ఎలా కడతారో తెలుసా? జనం దగ్గర ఎంతుందో చూసి కడతారని నేనూ అనుకునేవాణ్ణి. మా పెద్దాయన స్టేపుల్డన్ గారు నవ్వారు. "జేబు వైపు చూడకయ్యా క్విల్టీ. పక్కింటావిడ వైపు చూడు. ఆవిడ చూసొచ్చిన పిక్చరు నేను చూడలేదే అని ఈవిడకి సిగ్గెయ్యాలి. ఆ సిగ్గు ఖరీదు ఎంతో కనుక్కో, అదే టిక్కెట్టు" అన్నారు. అలాంటి మనిషి దగ్గర పని నేర్చుకోవడం నా అదృష్టం.

గొర్రెల బొచ్చు కోతలయ్యాక, అందరి చేతుల్లో నాలుగు డబ్బులాడే వేళకి, ఈ పిక్చరు పల్లెల వైపు వస్తుంది. ఊరికి ఒక్క హాలే. పడమటి రైలు లైను ఊళ్ళలో హాళ్ళు చూసే పని నాకిచ్చారు. వారాబిన్‌లో మీ లిరిక్ ఉంది, ఆ మోటారు షెడ్డు పాంఫ్రెట్ కట్టిస్తున్న ఆల్బియన్ ఉంది. అక్కా, ఈ పిక్చరు కావాలనుకునే హాలు ముందుగా తన స్థాయి పెంచుకోవాలి. ఆ అర షిల్లింగు, ఆరు పెన్నీల బెంచీలు తీసెయ్. కుర్చీలు వేయించు. రెండు షిల్లింగులకి తక్కువ టిక్కెట్టు ఉండకూడదు. అప్పటిదాకా ఆగకు, ఇప్పుడే మొదలుపెట్టు.

బావతో మాట్లాడి రాయి.

నీ తమ్ముడు
ఆంబ్రోస్


వారాబిన్,
28 మార్చి

ఒరేయ్ ఆంబ్రోస్,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. చేతి తొడుగుల దగ్గర నవ్వి నవ్వి దగ్గు తెరలో పడ్డాడు, నీళ్ళు తాగించాల్సి వచ్చింది. "మీ వాడికి సిడ్నీ నీళ్ళు బాగా వంటబట్టాయే" అన్నాడు. ఈ ఊళ్ళో చేతి తొడుగులు వేసుకునేది తేనెటీగలు పెంచే ముసలి హోర్గన్ ఒక్కడే. వాడు పిక్చర్లు చూడడు.

నువ్వు బెంచీలు తియ్యమని సులువుగా రాశావు. ఆ బెంచీలే మా శనివారం. రైలు పట్టాలేసే వాళ్ళ పిల్లలు, బొచ్చు కోసే వాళ్ళు, తెల్లవాళ్ళకీ వాళ్ళకీ మధ్య కట్టిన తాడుకి అవతల ఏటి ఒడ్డు గుడిసెల నల్లవాళ్ళు, అందరూ ఆ ముందు బెంచీల మీదే. తాడు నేను కట్టాలని కట్టింది కాదు, కట్టమన్నారు, కట్టాను. వాళ్ళందరినీ పంపేస్తే మిగిలేది డాక్టరు గారి కుటుంబమూ, బ్యాంకు వాళ్ళూ. వాళ్ళు నెలకోసారి వస్తారు, వచ్చి చలి అంటారు.

అయినా రాత్రంతా ఆలోచించాను. పాంఫ్రెట్ హాలు గోడలు లేచాయి. వాలు నేలట, పిక్చరు వేసే మిషన్లు రెండట, రీలుకీ రీలుకీ మధ్య దీపాలు వేసే పనే ఉండదట. నువ్వు చెప్పే పిక్చరు వాడికి వెళితే లిరిక్ తలుపులు మూసుకోవాల్సిందే. నాకేం, ఎవరింట్లో అయినా వండి పెట్టి బతుకుతాను. మీ బావ సంగతి నీకు తెలుసు. యుద్ధంలో, ఫ్రాన్సులో ఆ విషపు పొగ పీల్చి వచ్చిన దగ్గర్నుంచీ బకెట్టు ఎత్తలేడు, మెట్టు ఎక్కితే ఆయాసం. మిషను గదిలో కూర్చుంటే మాత్రం మహారాజు. రీలు తెగినప్పుడు కింద జనం కాళ్ళతో నేల తన్నుతుంటే చిరునవ్వు నవ్వుతూ అతికిస్తాడు చూడూ, పెళ్ళికి ముందు నేను చూసిన కాన్ ఆ ఒక్క క్షణమే కనిపిస్తాడు. ఆ గది పోతే మనిషి పోతాడు. అంతే సంగతి.

అందుకని నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. ఇంకెవరు చెప్పినా చేసేదాన్ని కాదు. అమ్మ పోయాక నా కొంగు పట్టుకుని తిరిగిన వాడివి, నాకు చెడు చెబుతావా?

సన్నబడ్డావేమో. మటన్ చాప్స్ తింటున్నావా, టీ మీదే బతుకుతున్నావా?

అక్క
నోరా


సిడ్నీ,
20 ఏప్రిల్

అక్కా,

మంచి పని చేశావు. ఇంకో నాలుగు ముక్కలు చెబుతాను, మనసులో పెట్టుకో.

మేము హాలు చూడ్డానికి చెప్పి రాము. శనివారం ఆట మొదలయ్యే వేళకి వీధికి అవతల నిలబడతాం. వచ్చేవాళ్ళ బూట్లు చూస్తాం, ఆడవాళ్ళ తలల మీద టోపీలున్నాయా చూస్తాం, మోటార్లెన్ని, గుర్రబ్బళ్ళెన్ని చూస్తాం. తర్వాత లోపలికెళ్ళి వాసన చూస్తాం. మొన్న మా లైనులోనే ఒక ఊళ్ళో హాలు భేషుగ్గా ఉంది, జనం కిటకిట. కానీ మరుగుదొడ్డి కంపు మొదటి వరస దాకా వస్తోంది. కుదరదని చెప్పాను. ఆ హాలాయన ముసలాడు, ముందు బతిమాలాడు, తర్వాత ఏడ్చాడు, నా కోటు పట్టుకున్నాడు. "బాబూ, మీ పిక్చరు వస్తుందని మా ఊరందరికీ చెప్పేశాను, నా పరువు తియ్యకు" అన్నాడు. కోటు కొత్తది అక్కా, చేతి గుర్తులు పడ్డాయి. రైల్లో స్టేపుల్డన్ గారికి ఆ ముసలాడిలా ఏడ్చి చూపించాను. ఆయన నవ్వాపుకోలేకపోయారు.

ముఖ్యమైన సంగతి. నేను నీ తమ్ముణ్ణని ఊళ్ళో ఎవరి దగ్గరా అనకు. పెద్దాయనకి చుట్టరికాలంటే ఒళ్ళుమంట. ఇంటిపేర్లు వేరు కాబట్టి ఇప్పటిదాకా ఇబ్బంది లేదు. వారాబిన్‌లో నాకు తెలిసిన హాలు యజమానురాలు ఒకావిడ ఉంది, నా మాట మీద గౌరవం ఉన్న మనిషి అని మాత్రమే చెప్పాను.

చాప్స్ తింటున్నాను.

ఆంబ్రోస్


వారాబిన్,
13 జూన్

ఆంబ్రోస్,

బెంచీలు తీయించాను. కుర్చీల కోసం గుర్రాన్నీ బండినీ అమ్మేశాం. ఇప్పుడు చర్చికి నడిచే వెళుతున్నాం, మీ బావ సగం దారిలో ఎవరి గోడ మీదో కూలబడతాడు. నేను పక్కన నిలబడి, ఎండ బాగుందని ఆగినట్టు నటిస్తాను.

రెండు షిల్లింగులు పెట్టిన మొదటి శనివారం ఏం జరిగిందో విను. టిక్కెట్టు కిటికీ దగ్గర నేనే కూర్చున్నాను. రైల్వే డగ్గన్ వచ్చి ధరల బోర్డు రెండుసార్లు చదివాడు. "ఏమ్మా మిసెస్ టియర్నీ, ఈ వారం రాజుగారేమైనా దిగుతున్నారా?" అన్నాడు. కుర్చీలు వేయించామయ్యా అన్నాను. "కుర్చీలు మాయింట్లోనూ ఉన్నాయి. వాటి మీద ఊరికే కూర్చుంటున్నాం" అన్నాడు. వెనక వరసంతా పగలబడి నవ్వింది. నవ్వుతూనే అందరూ వెళ్ళిపోయారు. ఎక్కడికనుకున్నావు? పాంఫ్రెట్ హాలు కప్పు పడేదాకా షెడ్డు వెనక గుడారం వేసి పిక్చర్లు ఆడిస్తున్నాడు. బయట బోర్డు: "ఇక్కడ ఇంకా ఆరు పెన్నీలే." ఆ "ఇంకా" అన్న ముక్క ఎర్ర రంగుతో రాయించాడు.

చివరికి బెస్సీ వచ్చింది. ఏటి ఒడ్డు నుంచి మనవల్ని వెంటేసుకుని వస్తుందే, ఆవిడ. హాలు కట్టిన దగ్గర్నుంచీ ఒక్క శనివారం మానలేదు. ఆరు పెన్నీలవి లేవు బెస్సీ అన్నాను. నా వెనక ఖాళీ హాలుని తొంగి చూసింది. "తాడు ఎప్పుడు తీస్తావా అని ఇన్నేళ్ళూ చూశానమ్మా. తీశావు. తీసి గుమ్మానికి కట్టావు" అంది. అరవలేదు, తిట్టలేదు. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అయినా టిక్కెట్టు ఇవ్వలేదురా. నువ్వు ఇవ్వద్దన్నావు కదా.

ఇప్పుడు ఊళ్ళో నన్ను "రెండు షిల్లింగులు" అని పిలుస్తున్నారు. రొట్టెల కొట్టుకెళితే "రెండు షిల్లింగులొచ్చింది, జాగ్రత్త" అంటారు. తలుపు మీద ఎవరో తారుతో "దోపిడీ" అని రాశారు. ఫాదర్ మలాకీ ఆదివారం దురాశ మీద ప్రసంగం చేస్తూ మూడుసార్లు మా వరస వైపు చూశాడు. మీ బావ ఖాళీ హాలుకి పిక్చరు వేస్తున్నాడు. జనం లేకపోయినా మధ్యలో ఆపడు. "వచ్చిన నలుగురూ మనుషులు కారా నోరా?" అంటాడు. జూన్ చలి ముదిరింది, రాత్రిళ్ళు కూర్చునే నిద్రపోతున్నాడు.

నాకు తారీఖు రాయి. ఆ ఒక్క తారీఖు గోడ మీద అంటిస్తే ఈ నోళ్ళన్నీ మూతపడతాయి. నేను ఎవర్నీ ఏదీ అడిగే మనిషిని కాదు, నీకు తెలుసు. అడుగుతున్నాను.

అక్క


సిడ్నీ,
2 జూలై

అక్కా,

ఊపిరి తీసుకునే తీరిక లేదు. నీ ఉత్తరం చేరింది. ఊరు తిడుతుంది, తిట్టనీ. ఓపిక పట్టు. ఏం జరిగినా ధర మాత్రం తగ్గించకు. ఒక్క పెన్నీ తగ్గించావా, పడ్డ శ్రమంతా బూడిదలో పోసినట్టే.

తారీఖులు పెద్దాయన చేతిలో ఉన్నాయి.

బావని వెచ్చగా ఉంచు.

ఆం.


వారాబిన్,
5 సెప్టెంబరు

ఆంబ్రోస్,

ఈ ఉదయం తలుపు తీస్తే ఎదురు గోడ మీద పోస్టరు. నా ఎత్తున అక్షరాలు. "నినెవే ద్వారాలు. అక్టోబరు 2, శనివారం ప్రారంభం. ఆల్బియన్ హాలు."

ఆల్బియన్.

ముందు కళ్ళజోడు తుడుచుకున్నాను. తర్వాత వీధి దాటి దగ్గరికెళ్ళి చేత్తో తడిమాను, బంక ఇంకా తడిగానే ఉంది. కింద ధరలు. మూడు షిల్లింగులు, బాల్కనీ నాలుగు. అంతకి తక్కువది లేదు. పాంఫ్రెట్ షెడ్డు దగ్గర అప్పుడే వరస, రొట్టెల కొట్టు దాటింది. ఆదివారం, ఇంకా చర్చిలో పూజ కూడా కాలేదు. డగ్గన్ ఉన్నాడు, డగ్గన్ భార్య ఉంది, తలుపు మీద తారు రాసింది ఎవరని నా అనుమానమో వాళ్ళూ ఉన్నారు.

ఉండబట్టలేక డగ్గన్ భార్యని అడిగాను, మా దగ్గర రెండంటే దోపిడీ అన్నారే, ఇక్కడ మూడుకి ఎలా నిలబడ్డారమ్మా అని. ఆవిడ నన్ను కింద నుంచి పై దాకా చూసింది. "నీ రేకుల కొట్టుకే రెండు గుంజావు కదమ్మా. ఇంత హాలు, ఇంత పిక్చరు, వాద్యాలు, మూడంటే పాంఫ్రెట్ ధర్మాత్ముడు" అంది. వరసంతా అవునంది. వాళ్ళు అబద్ధం ఆడటం లేదు, నిజంగానే అలా అనుకుంటున్నారు.

మా హాల్లో పియానో వాయించే లాటీని కూడా పాంఫ్రెట్ వాద్యబృందంలోకి పిలిచాడు. వెళతానని చెప్పి ఏడ్చింది. పొమ్మన్నాను.

పొరపాటు జరిగిందని రాయి. నిన్ను ఆ స్టేపుల్డన్ మోసం చేశాడని రాయి. ఏది రాసినా నమ్ముతాను, ఇంత వయసొచ్చి చిన్నపిల్లలా నమ్ముతాను. మీ బావ మంచం దిగడం లేదు. పోస్టరు సంగతి ఆయనకి చెప్పలేదు. ఆయన కిటికీ పెరటి వైపు ఉంది, దేవుడి దయ.

నోరా


సిడ్నీ,
11 సెప్టెంబరు

అక్కా,

పొరపాటు జరగలేదు. నువ్వు చిన్నపిల్లవి కావు కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఫిబ్రవరిలో స్టేపుల్డన్ గారు మమ్మల్నందరినీ కూర్చోబెట్టి అడిగారు. పల్లెల్లో ఎప్పుడూ ఒకటిన్నర షిల్లింగు దాటి ఎరగరు, మూడు పెడితే హాలు తగలబెడతారు, ఏం చెయ్యాలి అని. నేను నోరు విప్పాను. ఏ ఊళ్ళోనైనా ధర మొదట పెంచినవాణ్ణి జనం తిడతారండీ, రెండోసారి పెంచినవాడికి ఇస్తారు అన్నాను. కాబట్టి ముందు ఎవరో ఒకరు తిట్లు తినాలి. పెద్ద పిక్చరు వచ్చే హాలు తినకూడదు, పక్క హాలు తినాలి. తిట్టీ తిట్టీ జనం అలిసిపోయేసరికి రెండు అనేది మామూలైపోతుంది, మూడు దగ్గరలోకి వస్తుంది. ఆయన లేచి నిలబడి నా చెయ్యి పట్టుకుని ఊపారు. ఏ ఊళ్ళో మొదలుపెడదాం అన్నారు. వారాబిన్ అన్నాను. మాట వినే మనిషి కావాలి కదా. పడమటి లైను మొత్తంలో నేను చెప్పింది చెప్పినట్టు చేసేది నువ్వొక్కదానివే.

లిరిక్‌కి ఆ పిక్చరు వచ్చే అవకాశం ఎప్పుడూ లేదు. హాళ్ళు ఎంచేవాడిగా చెబుతున్నాను, తమ్ముడిగా కాదు. రేకుల కప్పు. ఒక్క మిషను. వాన పడితే వాద్యాలు వినపడవు. నువ్వే అయినా ఎంచుతావా చెప్పు? ఎంచుకున్నామని నేనెక్కడా రాయలేదు కూడా. నా ఉత్తరాలు తీసి చూసుకో.

నీకు కోపం వస్తుంది, రావాలి. కానీ నా వైపు నుంచి కూడా చూడు. ఈ పద్ధతి ఇప్పుడు లైను పొడవునా పెడుతున్నారు. ఊరూరా ఒక తిట్లు తినే హాలు. నన్ను పల్లె విభాగం మొత్తానికి పెద్దని చేశారు. నువ్వు పెంచిన వాడు ఇంతవాడయ్యాడని నీకు ఏదో ఒక మూల సంతోషం ఉండదా?

కాన్ బావకి ఇవేమీ చెప్పకు. తట్టుకోలేడు.

ఆంబ్రోస్


తంతి
వారాబిన్, 30 సెప్టెంబరు

కాన్ ఈ ఉదయం పోయాడు. ఖననం శనివారం మధ్యాహ్నం మూడింటికి. రా. నోరా.


రాయల్ హోటల్, వారాబిన్,
శనివారం, 2 అక్టోబరు

అక్కా,

నీ తంతి సిడ్నీలో రైలెక్కే ముందు అందింది. కాన్ మంచివాడు. నాకు రీలు చుట్టడం నేర్పింది ఆయనే. ఆ సంగతి నేను మర్చిపోలేదు.

రాలేకపోయాను. మధ్యాహ్నం ఆట రెండున్నరకి, పెద్దాయన పక్కన నేను లేకపోతే కుదరదు. ఆయనకి మన చుట్టరికం తెలియదని నీకు తెలుసు. ఏమని చెప్పి లేచి రాను? ఈ ఊళ్ళో తిట్లు తిన్న హాలు మా అక్కదని ఇవాళే తెలిస్తే, తన చుట్టాలనే ఇలా చేసినవాడు రేపు నన్నేం చేస్తాడో అనుకుంటాడు. ఆ మాత్రం లోకం నాకు తెలుసు. పూలదండ పంపాను. పేరు రాయలేదు, "ఒక స్నేహితుడు" అని రాయించాను.

ఈ గది కిటికీలోంచి మీ వంటింటి పొగగొట్టం కనిపిస్తోంది. పొగ లేదు. ఏదైనా తిను.

మధ్యాహ్నం ఆట నిండిపోయింది. రాత్రికి అంతకన్నా ఎక్కువ, మనుషులు గోడల వెంట నిలబడతామంటున్నారు. పెద్దాయన పొంగిపోతున్నారు. నీకు ఇవాళ రాయకూడని సంగతే కానీ, సోమవారం మేము వెళ్ళిపోతాం కాబట్టి రాస్తున్నాను. నీ కుర్చీలూ కాన్ మిషనూ పాంఫ్రెట్ తీసుకుంటానన్నాడు. నేను మాట్లాడి మంచి రేటు చేయించాను. సరేనంటే ఈ ఉత్తరం తెచ్చిన హోటల్ పనమ్మాయితోనే కబురు చెయ్యి.

రాత్రి ఆటకి నిన్ను రమ్మనే సందర్భం కాదు. వద్దామనుకున్నా నేను పాసు పంపలేను. పెద్ద పిక్చర్లకి ఫ్రీ పాసులు ఇవ్వం, ఎవరికీ ఇవ్వం. అది నేను పెట్టిన నియమమే.

ధైర్యంగా ఉండు.

ఆం.


వారాబిన్,
సోమవారం, 4 అక్టోబరు

ఆంబ్రోస్ క్విల్టీ గారికి,

మీ ఉత్తరం హోటల్ పనమ్మాయి తెచ్చి ఇచ్చింది. కుర్చీలు పాంఫ్రెట్ గారిని తీసుకెళ్ళమన్నాను. మిషను అమ్మను.

ఖననం ఎలా జరిగిందో మీరు అడగలేదు, అయినా రాస్తాను. మూడింటికి చర్చిలో ఫాదర్ మలాకీ, నేను, శవపేటిక చేసిన నార్తీ. డగ్గన్ వచ్చాడు. తలుపు దగ్గర టోపీ తీసి నిలబడ్డాడు. గడియారం చూసుకుని, "ఆట మొదలైపోయిందమ్మా, మావాళ్ళు లోపల సీటు పట్టి ఉంచారు, ఏమనుకోకు" అని వెళ్ళిపోయాడు. ఏమనుకోలేదు. మూడు షిల్లింగులు ఇచ్చుకున్నాడు కదా. కాన్‌తో పాటు ఫ్రాన్సు వెళ్ళొచ్చిన వాళ్ళు ఈ ఊళ్ళో ఇంకా ఉన్నారు. వాళ్ళూ లోపలే ఉన్నారు. మోయడానికి మనుషులు చాలలేదు. చర్చి కంచె బయట బెస్సీ, ఆవిడ ఇద్దరు కొడుకులు నిలబడి ఉన్నారు. పిలవకుండానే వచ్చి భుజం పట్టారు. నేను దండం పెట్టబోతే బెస్సీ ఆపింది. "నీ కోసం రాలేదమ్మా. రీలు తెగితే మా పిల్లల కోసం మళ్ళీ మొదట్నుంచీ వేసేవాడు ఆయన. ఆయన కోసం వచ్చాం" అంది. మీ పూలదండ కూడా చేరింది. పెద్దదే. మోసేటప్పుడు అడ్డమొస్తే పక్కన పెట్టారు.

ఇక కాన్ సంగతి. మీరు చెప్పవద్దన్నారు, నేను చెప్పలేదు. కానీ ఊరు ఊరుకోదు. పాంఫ్రెట్ లారీ మీద డోలు కట్టి వీధులన్నీ తిప్పాడు. "ఏంటి నోరా ఆ గోల?" అని ఆయన అడిగారు. ఏం చెప్పమంటారు? మన పిక్చరుకే అన్నాను. ఆంబ్రోస్ పంపించాడు, "నినెవే ద్వారాలు" మన లిరిక్‌కి వస్తోంది అన్నాను. ఆ అబద్ధం నోట్లోంచి వచ్చేసింది, వచ్చాక వెనక్కి తీసుకునే దారి లేదు. ఆయన ముఖం మీరు చూసి ఉండాల్సింది. మర్నాటి నుంచీ మంచం మీద కూర్చుని పథకాలు. పెద్ద పిక్చరు కదా, రీలు మార్చేటప్పుడు దీపాలు వెయ్యకూడదు, లాటీ చేత ఏదో ఒకటి వాయించాలి, జనానికి తేడా తెలియకూడదు అంటూ. చేతుల్తో గాల్లో రీలు ఎక్కించి చూపించేవారు. రోజూ నన్ను అడిగేవారు, డబ్బాలు రైలెక్కాయా అని. ఎక్కాయన్నాను. ఎంతవరకూ వచ్చాయి అంటే ఆరెంజ్ స్టేషను దాటాయన్నాను. గురువారం తెల్లవారుజామున, శనివారానికి తనకి మెట్లెక్కే ఓపిక వచ్చేస్తుందని చెబుతూ పోయారు.

శనివారం రాత్రి నేను ఆల్బియన్‌కి వచ్చాను. ఖననానికి కట్టుకున్న నల్ల బట్టలతోనే వచ్చాను. ఊరంతా చూసింది, చూడనీ. మూడు షిల్లింగులు ఇచ్చాను. మీ వెనక వరసలో సీటు దొరికింది. కాన్ మీకు ఒక మాట చెప్పమన్నారు, నేను మాట ఇచ్చాను. అందుకే వచ్చాను, పిక్చరు కోసం కాదు. విశ్రాంతి సమయంలో దీపాలు వెలిగాక మీ భుజం మీద వేలితో తట్టాను. మీరు తిరిగారు. నన్ను చూశారు. "ఏం కావాలండీ?" అన్నారు. మీ పక్కన పెద్దాయన "ఎవరు?" అంటే "ఎవరో ఊరావిడ" అన్నారు. పొరపాటు పడ్డాను, క్షమించండి అని కూర్చున్నాను. ఆట అయ్యేదాకా కూర్చున్నాను. పిక్చరు బాగుంది.

చెప్పలేకపోయిన మాట ఇక్కడ రాస్తున్నాను. బుధవారం రాత్రి అన్నారు, అన్నది అన్నట్టే రాస్తున్నాను. "మనం నోరు తెరిచి అడక్కుండానే మనకిచ్చాడే వాడు. పెద్దవాడయ్యాక కూడా మనల్ని మర్చిపోలేదు చూశావా? నువ్వు బాగా పెంచావే నోరా. వాడొస్తే నేను మిషను గదిలో ఉంటాను, కిందికి దిగలేకపోవచ్చు. నా తరఫున నువ్వే వాడికి థాంక్స్ చెప్పు."

చెప్పాను.

శ్రీమతి కాన్ టియర్నీ